మొదటి వరుస మంచుదే

ఆల్డ్‌వర్ట్ గ్రామం, ఫ్రీస్‌లాండ్.

హిస్కె వీర్స్మా అను నేను, వయస్సు డెబ్బై తొమ్మిది, ఊరి ఐస్ క్లబ్బు వెబ్‌సైటు నిర్వాహకురాలిని, తుంటి ఎముక తప్ప తక్కినవన్నీ సవ్యంగా ఉండి, ఒకరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా, నిన్నటి బఠాణీ సూప్ వేడి చేసుకు తాగి, మహా హుషారుగా రాస్తున్న వీలునామా ఇది. నా తదనంతరం దీన్ని అమలు జరిపించే బాధ్యత నోటరీ దీకెమా గారిది. అమ్మా, నవ్వొస్తే నవ్వండి. అక్షరం మాత్రం మార్చకండి.

1. నా ఇల్లు, పెరట్లోని పడవ మా అన్న కొడుకు సీబ్రెన్‌కు సర్వహక్కులతో చెందవలెను. బంగారు తండ్రి! తుంటి ఆపరేషనుకు నేను ఆసుపత్రిలో ఉంటే రోజూ నారింజలు తెచ్చాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

2. వెబ్‌సైటు సీబ్రెన్‌కు చెందదు. కారణం రాస్తున్నాను. చలికాలం పొద్దున్నే గడ్డకట్టిన కాలువ మీది మంచుకు రంధ్రం వేసి, మందం కొలిచి, పేజీ పైవరుసలో ‘వెళ్ళొచ్చు’ అనో ‘వద్దు’ అనో రాయడం నా పని. అది చూశాకే ఊరు స్కేట్లు కట్టుకుని మంచు మీదికి దిగుతుంది. నేను మంచాన ఉండగా వీడు నన్ను ఆశ్చర్యపెడదామని ఆ పేజీకి సింగారం చేశాడు. తెర నిండా మంచు కురిసే వీడియో. దాని మీద ‘మా కథ తెలుసుకోండి’ అని ఒక మీట. క్లబ్బువాళ్ళు నా బదులు కొలిచి రాసిన ‘వద్దు’ మాత్రం ఎక్కడో అడుగున, బూడిద రంగులో, చీమ తలకాయంత! ‘అత్తా, చూసినవాళ్ళు ఆహా అనాలి’ అన్నాడు. ఆహా అనలేదురా నాయనా, అమ్మో అన్నారు.

3. పక్కింటి గెర్లోఫ్ బోస్మా, నా సూప్‌ను ఒకప్పుడు పదిమందిలో గిన్నెలు కడిగిన నీళ్ళన్న మహానుభావుడు. ఆ మాట నేను మరవలేదు, చచ్చాక కూడా మరవను. నేను ఇంటికొచ్చిన రోజే అతను కాలువ గట్టున నిలబడి, చేతి తొడుగు తీసి, కొంకర్లు పోయిన వేళ్ళతో ఫోనులో ఆ పేజీ నొక్కి నొక్కి విసిగిపోయాడు. వద్దని ఉంటే ముందే కనబడేది కదా అనుకుని దిగాడు. మంచు విరిగి నడుం దాకా మునిగాడు. రెల్లు పట్టుకుని ఎలాగో బయటపడ్డాడు.

నీళ్ళోడుతూ వచ్చి నా తలుపు తట్టి, ‘ఏమ్మా హిస్కె, మంచు సంగతి ఎక్కడ దాచావు తల్లీ?’ అన్నాడు. పడీ పడీ నవ్వాను. అతనికి దుప్పటి కప్పి, వంటింట్లోకి పోయి ఏడ్చాను. మనిషి పోయేవాడే! ఆ సాయంత్రమే పాత పేజీ మళ్ళీ పెట్టేశాను. గెర్లోఫ్ నా సూప్ రెండు గిన్నెలు ఊడ్చుకు తాగి మరీ వెళ్ళాడు.

కాబట్టి వెబ్‌సైటు, మంచు తొలిచే బర్మా, కొలబద్ద గెర్లోఫ్‌కే చెందవలెను. పేజీ చదివేవాడిది. వేసవిలో కూడా దాన్ని తెరిచేది ఊళ్ళో అతనొక్కడే. అందుకే ప్రతి జూలైలోనూ పైవరుసలో రాసేదాన్ని: ‘మంచు లేదు. ఇది వేసవి, గెర్లోఫ్. పడుకో.’ మర్నాడు కంచె మీదుగా ‘పడుకున్నాలే!’ అని అరిచేవాడు. ఎవరికోసం రాస్తున్నామో తెలిస్తే ఎంత సుఖమో!

4. మా నాన్న చెక్క స్కేట్లు సీబ్రెన్‌కు. షరతు ఒకటే: ఇకమీదట తను చేసే ప్రతి పేజీనీ ముందు తొడుగులేసుకుని, గాలిలో, గట్టున నిలబడి తనే చదవాలి. వాడికి తెలివి తక్కువై కాదు, వెచ్చటి గది దాటి ఎన్నడూ చూడలేదు, అంతే. ముఖం మాడ్చుకోకురా, నువ్వంటే నాకు ప్రాణం.

5. సూప్ గిన్నె గెర్లోఫ్‌కే. ఇక తనే వండుకు తాగి చెప్పమనండి!

6. నా చావు కబురు ఆ పేజీలో అడుగున వేయండి. నల్ల అంచులు, కదిలే కొవ్వొత్తులు వద్దు, సీబ్రెన్. మొదటి వరుస మంచుదే. నన్ను సాగనంపే రోజు మంచు గట్టిగా ఉంటే, గెర్లోఫ్, పెద్ద అక్షరాలతో ‘వెళ్ళొచ్చు’ అని రాయి. అందరూ వెళ్ళి ఆడుకు రండి, సాయంత్రం దాకా నేనెక్కడికీ పోను. ఒకవేళ వేసవిలో పోతే ఆ పాత వరుసే పేరు మార్చి పెట్టు: ‘మంచు లేదు. ఇది వేసవి, హిస్కె. పడుకో.’

తేదీ: 2024 నవంబరు 19
సంతకం: హిస్కె వీర్స్మా

సాక్షులు:
ఫోప్పె హాక్‌స్ట్రా, ఐస్ క్లబ్బు కార్యదర్శి
యెల్ట్యె వాన్ డెర్ వాల్, ఎదురింటామె