శుక్రవారం ఫెస్టివల్స్

ఓల్డ్ హార్బర్ బే,
శనివారం

ప్రాణసమానమైన ఐయోనీ అక్కకి,

మాండెవిల్ కొండ చలికి నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో ముందు అడగాలి. అడిగాను, ఇక నా గోల విను. దీన్ని బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. చదివాక పొయ్యిలో పెట్టెయ్.

అక్కా, నాకు అమ్మ జబ్బు వస్తోంది.

నవ్వకు. నిన్న శుక్రవారం కదా, మా ఆయన లాసెల్స్ పడవల దగ్గరికెళ్ళి చేపలు తెచ్చాడు, నేను ఎప్పటిలాగే వేపుడు చేపల్లోకి తియ్యటి ఫెస్టివల్స్ వేయించడానికి పిండి కలిపాను. గోధుమపిండి, మొక్కజొన్న పిండి, పంచదార, చిటికెడు ఉప్పు, బేకింగ్ పొడి, కాస్త జాజికాయ, పాలు. నా చేతులకి ఇది కళ్ళు మూసుకున్నా వచ్చే పని. గుడ్డ కప్పి కాసేపు ఉంచి, కోలగా ఒత్తి, కాగిన నూనెలో వదిలాను. పొంగి పైకి తేలాల్సినవి డచ్చీ మూకుడు అడుగున రాళ్ళలా కూర్చున్నాయి. పక్కింటి పెట్రోనా సంగతి నీకు తెలుసుగా, వాసన తగిలితే కంచె దగ్గర ప్రత్యక్షం. ఒకటి కొరికి, "ఏమ్మా మిస్ డల్సీ, ఇవి తినడానికా, పడవకి లంగరు వెయ్యడానికా? నా పన్ను ఊడితే నీ మొగుడు కట్టిస్తాడా?" అంది. నేనూ నవ్వాను. లోపల మాత్రం భయమేసింది.

ఎందుకంటే బేకింగ్ పొడి వేసినట్టు నాకు గుర్తుంది. డబ్బా మూత తీయడం, చెంచా తుడవడం కూడా గుర్తున్నాయి. వేసినట్టు గుర్తున్నది వెయ్యలేదంటే, ఇక నాకు గుర్తున్న వాటిలో నిజమెంత?

అంతకుముందు శుక్రవారం ఇంకో చోద్యం. ఫెస్టివల్స్ నూనెలో పడగానే విడిపోయాయి. తింటే నోట్లో ఇసుక. చూస్తే అది కోడిపిల్లలకి వేసే మొక్కజొన్న నూక. కోళ్ళది ఎర్ర డబ్బా, మనది నీలం డబ్బా. నేను నీలం డబ్బా తీశాననే నా నమ్మకం. అంటే నూక తెచ్చిన రోజున నీలం డబ్బాలో పోసింది నేనే అయ్యుండాలి. గురువారం లాసెల్స్ షాపు నుంచి కాగితం పొట్లాలు తెచ్చి బల్ల మీద పెడతాడు, డబ్బాల్లోకి సర్దుకునేది ఎప్పుడూ నేనే కదా.

లాసెల్స్ తప్పు పట్టలేదు. ఆ రాళ్ళన్నీ తిని, "బాగానే ఉన్నాయి డల్సీ, దవడలకి కాస్త పని పడింది" అన్నాడు. జీవితమంతా ఉప్పు తక్కువైతే ఇల్లెగరగొట్టిన మనిషి. ఆ జాలి చూస్తే నాకు మరింత భయమేసింది.

అమ్మకి కూడా ఇలాగే మొదలైంది. సూపులో సబ్బు ముక్క వేస్తే మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. తర్వాత నన్ను చచ్చిపోయిన పిన్ని పేరుతో పిలవడం, ఆ తర్వాత మావయ్య అమ్మని వెనక గదిలో ఉంచి బయట గడియ పెట్టడం. ఇప్పుడు నాది అమ్మ వయసే. ఎవరికీ చెప్పకు.

నీ డల్సీ


ఓల్డ్ హార్బర్ బే,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

బంగారు అక్కా,

నీ ఉత్తరం అందింది. "ప్రతి ఆడదీ వంట పాడు చేస్తుంది, అందరికీ పిచ్చి పట్టదు" అన్నావు. ఆ మాట పట్టుకుని అయిదు రోజులు హాయిగా ఉన్నాను. మొన్న శుక్రవారంతో ఆ హాయి తీరిపోయింది.

కిరసనాయిలు స్టవ్ వెలిగించి డచ్చీ పెట్టాను. ఒత్తిన ఫెస్టివల్స్ పళ్ళెంలో వరుసగా ఉన్నాయి. నూనె సీసా తీసి వంపాను. గుప్పుమని వాసన. అక్కా, అది కిరసనాయిలు. మంట డచ్చీ అంచులు నాకుతోంది. ఏం చేశానో ఎలా చేశానో తెలీదు, పాతగుడ్డతో పట్టుకుని పెరట్లోకి ఉరికి ఇసుకలో పారబోశాను. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. అక్కడే కూలబడ్డాను.

నూనె సీసాకి బెండు బిరడా, కిరసనాయిలు సీసాకి కాగితం ఉండ. ఇది మన ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. సీసాలు కడిగి, వాటి బిరడాలు వాటికి పెట్టి, గురువారం లాసెల్స్‌కి ఇచ్చేది నేనే. అతను షాపులో నింపించుకొస్తాడు, అంతే. నేనే మార్చి పెట్టి ఉంటాను. ఇంకెవరు?

లాసెల్స్ చేప చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. దగ్గరికొచ్చి నా పక్కనే ఇసుకలో కూర్చుని, "ఎవరితోనూ అనకు డల్సీ. మన మధ్యే ఉండనీ" అన్నాడు. నన్ను కాపాడుకోవాలని ఎంత తాపత్రయమో చూడు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడుస్తున్నంతసేపూ తను నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

నేను ఒక నిర్ణయానికొచ్చాను. నా బుర్ర పోతే పోయింది, ఆ మనిషిని నిద్రలో తగలబెట్టే హక్కు నాకు లేదు. నీ ఇంటి పక్క గది ఖాళీగా ఉందన్నావుగా, వచ్చే ఆదివారం వస్తాను. నీ మోకాళ్ళకి సాయం కావాలని పిలిచావని చెబుతాను. ఈలోగా తనకి ఫెస్టివల్స్ చెయ్యడం నేర్పిస్తాను. చేపలు ఎలాగూ వేయించుకోగలడు. శుక్రవారం నాడు ఉత్తి చేపలు ముందేసుకుని ఒక్కడూ కూర్చుంటాడేమో అన్న ఊహే నేను భరించలేకపోతున్నాను.

నేను వచ్చాక నాలో ఏ మార్పు కనిపించినా మొహమాటపడకుండా చెప్పు. గడియ మాత్రం పెట్టకు.

భయంతో సగమైపోయిన
డల్సీ


ఓల్డ్ హార్బర్ బే,
శుక్రవారం

అక్కా,

ఆ గది ఎవరికైనా అద్దెకిచ్చెయ్. నేను రావడం లేదు.

ప్రతి గురువారం నేను ప్రార్థనకి వెళ్తానా, నిన్న మానేశాను. లాసెల్స్ షాపు నుంచి వచ్చేసరికి వంటింట్లోనే ఉన్నాను. "ఈ రోజు ఫెస్టివల్స్ నువ్వు చెయ్యి, నేను పక్కనుండి చెబుతాను" అన్నాను.

"నాకెందుకే ఆడంగి పని?" అన్నాడు.

"తినేటప్పుడు ఆ మాట గుర్తు రాదేం?" అన్నాను.

నవ్వి, పొట్లాలు విప్పి, నేను చెప్పకుండానే డబ్బాల్లో పొయ్యడం మొదలుపెట్టాడు. అలవాటైన చేతులు. ఈ మధ్య నేను వచ్చేసరికి బల్ల మీద పొట్లాలు ఉండటం లేదన్న సంగతి నాకప్పుడు తట్టింది. సర్దింది నేనేననీ, సర్దినట్టు నాకు గుర్తుండటం లేదనీ అనుకుంటూ వచ్చాను. నా కళ్ళ ముందే, చర్చి బట్టలకి పెట్టుకునే గంజిపొడి తీసి బేకింగ్ పొడి డబ్బాలో పోశాడు.

"అది గంజిపొడి" అన్నాను.

"కాదే, బేకింగ్ పొడి" అన్నాడు. వేలితో నాలిక మీద వేసుకున్నాడు. చెయ్యి అలాగే ఆగిపోయింది.

నిజం చెబుతున్నాను, ముందు నాకు పట్టరాని సంతోషమేసింది. నా బుర్ర బాగుంది. గెంతాలనిపించింది. తర్వాత తన మొహం చూశాను. ఆశ్చర్యం లేదందులో. దొరికిపోయినవాడి మొహం.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు. షాపు నుంచి ఇంటికి దారి తప్పాను, ఒకటికి రెండుసార్లు. సీసాల బిరడాలూ నేనే మార్చి పెట్టి ఉంటాను. అవి పట్టుకుని నడిచినట్టు గుర్తుంది, అంతే."

"నేను ఇసుకలో పడి ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నీదే తప్పనుకున్నావు, అనుకోనిచ్చాను. నీకే వస్తే నేను చూసుకుంటాగా అని సర్దిచెప్పుకున్నా. నాకే అని తెలిస్తే మీ అమ్మకి పెట్టినట్టు నాకూ గడియ పెడతారేమోనని భయమేసింది డల్సీ."

నోటికొచ్చినట్టు తిట్టాను. పెట్రోనా కంచె దాకా వచ్చి, నా గొంతు విని వెనక్కెళ్ళింది. తిట్టడం అయిపోయాక ఏం చెయ్యాలో తెలీక, పొడి పారబోసి, మంచిది పెట్రోనా దగ్గర అడిగి తెచ్చి, పిండి కలిపి ఇద్దరి మధ్యా పెట్టాను.

ఒకటి ఒత్తి చూపించాను. తను ముద్ద తీసుకుని, "ఎంత పొడుగు?" అన్నాడు. నా చూపుడు వేలు పిండి పక్కన పెట్టి, "ఇంత" అన్నాను. ఒత్తాడు. చక్కగా వచ్చింది. రెండో ముద్ద తీసుకుని నావైపు చూసి, "ఎంత పొడుగు?" అన్నాడు. వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు. మళ్ళీ వేలు పెట్టాను. పళ్ళెం నిండేదాకా ప్రతి దానికీ అడిగాడు, ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే. సగం పళ్ళెం అయ్యేసరికి నా కోపం పోయింది. భయం పోలేదు అక్కా, పెరిగింది. నాకేదైనా అవుతుందనుకున్నప్పుడు ఆ భయంతో పరిగెత్తుకెళ్ళి పట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఆ మనిషి నా వేలు చూసి పిండి ఒత్తుతున్నాడు.

నేను వేలు తియ్యలేదు.

నీ చెల్లెలు
డల్సీ