బానెట్ మీద పసుపు వద్దు

నాయనా, రాంగానే కారును ఎండలోకి తీసి చూడు, చెయ్యి మాత్రం పెట్టొద్దు. బానెట్లో నీ మీసంలోని తెల్ల వెంట్రుకలన్నీ కనపడతాయి! రెండు దినాలు నీళ్ళు పోస్తా వాటర్ పేపరుతో గీతలన్నీ పోయేదాకా రుద్ది, పాలిష్ పట్టించినా. ఆడపిల్లకు ఈ పని చేతకాదంటివే, ఇప్పుడు చెప్పు!

రేపు శుక్రవారం. అవ్వ పసుపు కుంకుమ తెస్తాది. అద్దానికి పెట్టమను, బానెట్ జోలికి పోనియ్యొద్దు. కొంగుతో దుమ్ము తుడిచిందంటే మళ్ళీ గీతలు పడతాయి.

తడకు పోయే బస్సుకు టైమైంది, పోయొస్తా.
పల్లవి

ఇంకోటి. చిన్నప్పుడు నేను డోరు మీద పిన్నీసుతో గీకితే, ఎనుము కొమ్ము తగిలిందని అమ్మకు చెప్పి నన్ను కాపాడినావే, ఆ గీత కూడా పోయింది! యాడికి పోయిందని అమ్మ అడిగితే, ఆ ఎనుమే వచ్చి రుద్దిపోయిందని చెప్పు.