ఒక్క పూట నిలిచిన సాక్ష్యం

కొవ్వూరు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన జయపాల్ గారికి,

మీ అమ్మగారి తరఫున ప్రభువు నామంలో వందనాలు. నా తరఫున మామూలు నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ మాట అలవాటు కొద్దీ రాసే మనిషిని కానని మీకు తెలుసు. ఈసారి నిజంగానే క్షేమం కాబట్టి రాస్తున్నాను. మీరు కూడా ఆ కొండల్లో, ఆ చలిలో, ఒంట్లో బాగుండి పని చేసుకుంటున్నారని తలుస్తాను. ఫోను అందని చోట రోడ్లు వేస్తున్నారు గనక ఈ రోజుల్లో కూడా నాకు మొగుడికి ఉత్తరం రాసే యోగం పట్టింది. పోలవరం పనిలోనే ఉండి ఉంటే ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి ఇదంతా కళ్ళారా చూసేవారు. సరే, పోట్లాట అక్కడ మొదలుపెట్టను.

మీ ఉత్తరం దగ్గర మొదలుపెడతాను. "అమ్మకి వయసైంది, నడుం నొప్పి మామూలే, సూదులతో హింస పెట్టకండి" అని రాశారు. చదివితే నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య పడుచుతనంలో సార్వా పంటకీ దాళ్వా పంటకీ నాట్లు వేసి, గట్టు మీద నడుం పట్టుకుని కూలబడితే "ఆడవాళ్ళకి మామూలే" అన్నారు. నలభై దాటాక "ఈ వయసులో మామూలే" అన్నారు. ఇప్పుడు మీరు "వయసైంది, మామూలే" అంటున్నారు. ఏ వయసులో మామూలు కాదో చెప్పండి, ఆ వయసులోనే తెచ్చుకుంటుంది పాపం! ట్రాక్టరులో చిన్న బేరింగు అరిగితే సాయంత్రానికల్లా మెకానిక్కుని పిలిపించే రైతు, వంగి నాటిన మనిషి వెన్ను అరిగిపోతే ఒక నొప్పి బిళ్ళ చేతిలో పెట్టాడు. ఆ బిళ్ళలు మింగి మింగి ఆవిడ కడుపు పాడైంది గానీ నడుం బాగుపడలేదు. దీన్ని వయసు అనరండీ. దీనికి వేరే పేరుంది. రాస్తే మీరు "మళ్ళీ మొదలెట్టావా" అంటారు.

రెండో ప్రశ్న, "నరం కాలిస్తే కాళ్ళు పడిపోవా" అని. ఇదే అత్తయ్య కూడా రాజమండ్రిలో డాక్టర్ సుప్రియ గారిని అడిగింది, కాకపోతే అడిగిన తీరు వేరు. "నరం పోయి నేను మంచాన పడితే నాకు అన్నం ఎవరు పెడతారమ్మా? మా కోడలు మీటింగులకి తిరుగుద్ది," అంది. ఆ డాక్టరమ్మ నా మొహం చూసి నవ్వు ఆపుకుంది. తర్వాత ఓపిగ్గా చెప్పింది. కాళ్ళని కదిపే నరాలు వేరట. వీళ్ళు పట్టుకునేవి వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్ళ నుంచి నొప్పిని పైకి మోసే సన్నటి నరాలట. కోత లేదు, కుట్లు లేవు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ సూది దింపి, దాని మొన దగ్గర కాసేపు వేడి పుట్టిస్తారు. ఆ నరం నొప్పిని మోయడం మానేస్తుంది. ఏడాదికో ఆ పైనో మళ్ళీ మొలిస్తే మళ్ళీ చేయించుకోవచ్చు.

అయితే ఇది అందరికీ పనిచేయదు. అసలు ఆ నరాల వల్లనే నొప్పి వస్తోందా అని ముందు తేల్చుకోవాలి. అందుకని మొదట అక్కడ మత్తు మందు మాత్రం వేసి చూస్తారు. కొన్ని గంటలు నొప్పి పోతే సరైన నరం దొరికినట్టు. "మందు దిగగానే నొప్పి తిరిగొస్తుంది మేడమ్, కంగారు పడొద్దు. అసలు వైద్యం తర్వాత చేద్దాం," అన్నారు సుప్రియ గారు. ఈ మాట నాతో అన్నారు. అప్పుడు అత్తయ్యని నర్సు బీపీ చూడ్డానికి పక్క గదిలోకి తీసుకెళ్ళింది. గొడవంతా ఈ ఒక్క ముక్క దగ్గరే వచ్చింది.

అది శుక్రవారం పొద్దున్న. సూది వేసిన కాసేపటికి అత్తయ్య బల్ల దిగి నిటారుగా నిలబడింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆటో దాకా నడిచింది. బ్రిడ్జి మీద ఆటో ఎగిరినప్పుడల్లా కళ్ళు మూసుకుని కడ్డీ పట్టుకునే మనిషి, ఆ రోజు బయటికి తొంగి చూసి, "అమ్మాయ్, గోదాట్లో నీళ్ళు బాగా తగ్గిపోయాయే!" అంది. ఆ బ్రిడ్జి మీద ఆవిడ నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో.

నేను అక్కడ ఊరుకోవలసింది. ఊరుకుంటే నేనెందుకవుతాను? "చూశారా అత్తయ్యా, సైన్సంటే ఇదీ! మీ శుక్రవారం ప్రార్థనలు ఇన్నేళ్ళు చెయ్యలేనిది ఒక్క సూది చేసింది," అన్నాను. ఆవిడ మళ్ళీ గోదారి వైపు తిరిగింది. నెగ్గాననుకున్నాను. నెగ్గిన సంబరంలో డాక్టరు చెప్పిన ఆ చివరి ముక్క ఆవిడకి చెప్పడం మర్చిపోయి, ఇంటి దగ్గర దింపేసి యూనియన్ మీటింగుకి వెళ్ళిపోయాను.

నా మాటకి ఆవిడ జవాబు మన చర్చిలో చెప్పింది. ఆ మధ్యాహ్నం స్త్రీల సమాజంలో లేచి, "ప్రభువుకు స్తోత్రం! ఇన్నాళ్ళ నా నడుం నొప్పిని దేవుడు తీసేశాడు," అని సాక్ష్యం చెప్పిందట. సూది మాట ఎత్తలేదట. చెప్పి, అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద వంగి ప్రార్థన చేసి, తనంతట తనే లేచిందట. సాయంత్రం నేను వీధి మొదట్లో అడుగు పెట్టగానే ఆడవాళ్ళు ఆపి మరీ చెప్పారు. మన చర్చి పద్ధతి మీకు గుర్తుందిగా, లేచి నిలబడిన వాళ్ళు ముందు "ప్రభువుకు స్తోత్రం" అనాలి, ఆ తర్వాతే ఏదైనా. నేను ఆ మాట అని పదకొండేళ్ళయింది. హవ్వ చేసిన పాపానికి ఆడదానికి నొప్పి రాసిపెట్టి ఉందని అప్పటి పాస్టరు ప్రసంగిస్తే మధ్యలో లేచి వచ్చేసిన దాన్ని, మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

రాత్రి అన్నాల వేళకి మందు దిగిపోయింది. గిన్నె అందుకోబోయి అత్తయ్య గోడ పట్టుకుంది.

"కంగారు పడకండి అత్తయ్యా. అది పరీక్ష సూది. తిరిగొస్తుందని డాక్టరు ముందే చెప్పారు."

"ముందే చెప్పారా? ఎవరికి?"

"నాకు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఏ సభలోనైనా అడిగిన దానికి అడగని దానికి కూడా జవాబిచ్చే నేను, ఆ గిన్నె అందుకుని అన్నం వడ్డించసాగాను. ఆవిడ మెల్లగా మంచం మీద కూర్చుని, "అయితే నేను దేవుడి ముందర అబద్ధం ఆడానన్నమాట," అంది.

మీకు ఇన్ని రోజులు ఉత్తరం రాయకపోవడానికి కారణం ఇదే. అసలు వైద్యానికి ఇచ్చిన తేదీ దాటిపోయింది. ఆవిడ కదల్లేదు. "బాగైపోయిందని గుళ్ళో చెప్పి మళ్ళీ ఆసుపత్రికి ఎలా పోను? నన్నంటే పడతాను. దేవుణ్ణి అంటారు," అంది. సువార్త రాసిన లూకా వైద్యుడు కాదా అన్నాను. "ఆయన చెప్పి మాట తప్పలేదు," అంది. సంఘ పెద్ద చిట్టియ్య గారు పరామర్శకని వచ్చి, మనింటి కాఫీ తాగి, "నొప్పి తిరిగొచ్చిందంటే ఎక్కడో విశ్వాసం చాల్లేదు సూరమ్మా," అని చెప్పి మరీ వెళ్ళారు. నేను ఆ సమయానికి బడిలో పాఠం చెబుతూ ఉండటం ఆయన అదృష్టం. ఆ మాట తర్వాత అత్తయ్య చర్చిలో ముందు వరస వదిలేసి గుమ్మం పక్కన తల దించుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నడుం కంటే ఆ తల దించుకోవడం నేను చూడలేకపోయాను. మళ్ళీ బిళ్ళలు మొదలుపెట్టింది. ఒక రోజు నల్లగా వాంతి చేసుకుంది. నాకు చెప్పకుండా కడిగేసుకుంది. మరకని బట్టి నేను కనిపెట్టి రాజమండ్రికి పరిగెత్తించాను. కడుపులో పుండు పడిందన్నారు. ఇంక ఆ బిళ్ళలు ముట్టుకోకూడదన్నారు. అంటే నొప్పి ఉంటుంది, బిళ్ళ ఉండదు, వైద్యానికి రాదు. ఆ వారం నేనెంత భయపడ్డానో మీకు తెలియదు. నాకు కోపం రావడమే మీకు తెలుసు.

ఆ కోపంతోనే పాస్టర్ ఎజ్రా గారింటికి వెళ్ళాను. మూడు ప్రసంగాలకి సరిపడా మాటలు దారిలో తయారు చేసుకున్నాను. ఆయన కుర్చీ వేసి, అంతా విని, "నేను చెబితే సూరమ్మ గారు నమ్మరమ్మా, జాలిపడి చెప్పాననుకుంటారు. ఆ సూది సంగతి తెలిసీ చెప్పని మనిషి ఎవరు? మీరు. మీరే రండి," అన్నారు. మూడు ప్రసంగాలూ నా దగ్గరే ఉండిపోయాయి.

వెళ్ళాను జయపాల్ గారూ. ఆ ఆదివారం చర్చికి వెళ్ళాను. సాక్ష్యాల వేళకి లేచి నిలబడి, నేరుగా విషయంలోకి వెళ్ళాను. "మా అత్తగారు ఆ శుక్రవారం చెప్పింది అబద్ధం కాదు. ఆ పూట ఆవిడకి నొప్పి లేదు. లేదనే చెప్పింది. ఆ మందు ఒక్క పూటే పనిచేస్తుందని నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు. తప్పు నాది," అన్నాను. అక్కడ ఆపితే బాగుండేది. చిట్టియ్య గారు కనిపించారు. "నడుం విరిగిపోతున్నా ఒక్క శుక్రవారం మానని మనిషి విశ్వాసం చాల్లేదని తూచడానికి ఎవరి దగ్గర ఏ తక్కెడ ఉందో తీసుకొచ్చి ఇక్కడ పెట్టండి. నేనూ ఎక్కి చూస్తాను, మీరూ ఎక్కండి," అన్నాను. అక్కడ నుంచి నాట్లకి, కూలికి, ఆడవాళ్ళ నొప్పికి మందు లేదన్న డాక్టర్లకి, ఏదెను తోటకి వెళ్ళాను. పాస్టరు గారు దగ్గారు. గుమ్మం దగ్గర నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఇంక కూచోవే, బల్లారాధన ఉంది, రొట్టె పంచాలి!"

చర్చంతా నవ్వింది. ఇంటికి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద ఆవిడ నా భుజం పట్టుకుని నడుస్తూ, "ఆ డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడు రమ్మంది?" అని అడిగింది.

వైద్యం అయింది. బోర్లా పడుకోబెట్టి, సూది దింపాక ముందు కాస్త కరెంటు ఇచ్చి, "కాలు ఏమైనా అదురుతోందా అమ్మా?" అని అడిగారట. అదరకపోతేనే వేడి ఇస్తారు. కాళ్ళ నరం కాదని అలా రూఢి చేసుకుంటారు, మీ ప్రశ్నకి ఇది రెండో జవాబు. అత్తయ్యకి మెలకువగానే ఉంది. "పెళ్ళయిందా తల్లీ" అని డాక్టరమ్మని అడిగిందట. పొద్దున్న వెళ్ళాం, మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాం. కాల్చిన చోట కొన్నాళ్ళు సలుపుతుందనీ, గుణం తెలియడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చనీ, నొప్పి మొత్తం పోకపోవచ్చనీ ఈసారి ప్రతి ముక్కా ఆవిడకి చెప్పాను. చెప్పిందే చెప్పాను. "విన్నానే, చెవులకి రాలేదు రోగం," అంది.

మొదటి వారం నిజంగానే సలిపింది. "ఇది కూడా పరీక్షేనా ఏంటి?" అని రోజూ అడిగేది. కాదంటూనే క్యాలెండర్లో రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. ఆ తర్వాత ఒక పొద్దున్న నేను బడికి తయారవుతుంటే పెరట్లో బిందె చప్పుడైంది. వెళ్ళి చూస్తే వంగి పెద్ద బేసిన్‌లో గిన్నెలన్నీ వేసుకుని తోముతోంది. కేకలేశాను. "అరవకు, నొప్పి లేదు. ఉన్నా కొంచెమే," అంది. సుప్రియ గారిని అడిగితే బరువులు వద్దు గానీ నడవమనండి, చిన్న చిన్న వ్యాయామాలు మానొద్దు అన్నారు.

ఇవాళ ప్రార్థనలో మోకాళ్ళూనింది. నేను చెయ్యి అందించబోతే తోసేసి, తనే లేచింది. అవును, నేను పక్కనే ఉన్నాను. తీసుకెళ్ళడానికి మనిషి కావాలిగా. బయట చిట్టియ్య గారు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "మేడమ్ గారూ, ఆ డాక్టరమ్మ నంబరు ఒకసారి ఇస్తారాండి," అన్నారు. ఇంట్లో వాళ్ళకా అని అడిగాను. "నాకేనండి," అన్నారు. తక్కెడ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి నంబరిచ్చాను. నా జీవితంలో ఇంతకంటే గొప్ప త్యాగం లేదు.

ఇది రాస్తుంటే అత్తయ్య ఎదురుగా పీట మీద కూర్చుని చింతచిగురు బాగుచేస్తోంది. పీట మీదండీ! ఇప్పుడే అడిగింది.

"వాడికి అన్నీ రాశావా?"

"రాశాను."

"గుళ్ళో లేచావని?"

"రాశాను."

"స్తోత్రం అన్నావని?"

పెన్ను ఆపాను.

"రాయలేదు కదూ! సగం చెప్పి సగం మింగడం నీకు బాగా అలవాటైపోయింది. ఒకసారి మింగితే ఏమైందో చూశావుగా," అని మళ్ళీ చిగురులో పడింది.

పైన "నేరుగా విషయంలోకి వెళ్ళాను" అని రాశాను. వెళ్ళలేదు. లేచి నిలబడగానే అందరూ నా నోటి వైపు చూశారు. అత్తయ్య మాత్రం నేల వైపు చూస్తోంది. ఆ మాట లేకుండా మొదలుపెడితే నేను చెప్పేది ఆవిడకి సాక్ష్యం కాదు, నా ఉపన్యాసాల్లో ఇంకొకటి. ఉపన్యాసం విని ఆవిడ ఆసుపత్రికి రాదు. అందుకని అన్నాను. "ప్రభువుకు స్తోత్రం." సగమే బయటికి వచ్చింది. చర్చంతా ఆమెన్ అంది. ఆవిడ తలెత్తి నా వైపు చూసింది.

నమ్మి అన్నావా అని మీరు అడుగుతారు. మీరు వచ్చాక తీరిగ్గా వాదించుకుందాం. అన్న మాట మాత్రం నిజం.

ఇట్లు,
ఈసారి ఏమీ మింగకుండా రాసిన
సూరమ్మ గారి కోడలు,
మీ భార్య
తబిత