గంజిలో పడిన ఫోను

జూలై 8, మంగళవారం

పొద్దున గంజి బేసిన్‌లో పైన పొర కట్టింది. ఆ పొర మీద ఒక చీమ నడుస్తోంది, మునగకుండా. చూస్తూ నిలబడిపోయాను.

అమ్మ మంగళగిరి చీరలు రెండు. గంజి పెట్టడం ఎప్పుడూ నా పనే. ఒకటి ముంచి పిండాను. రెండోది ముంచబోతుంటే నైటీ జేబులో ఫోను మోగింది. తడి చేత్తోనే తీశాను.

హేమ.

వాయిస్ మెసేజ్. నాలుగు నిమిషాలది. రెండేళ్ళ తర్వాత…

ఫోను జారింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. గంజి చిక్కగా ఉంది మరి.

అదే రోజు, సాయంత్రం

ఆఫ్ చేశాను. సిమ్ తీశాను. తుడిచాను. చార్జింగ్ మాత్రం పెట్టొద్దని అన్నయ్య. "బియ్యం డబ్బాలో పడెయ్, తేమ లాగేస్తుంది."

అమ్మ ఒప్పుకోలేదు. "గంజిలో పడ్డదాన్ని మళ్ళీ బియ్యంలోనా? రేపు అవే వండాలిరా నేను!"

"వేరే గిన్నెలో పొయ్యి, కాసిని."

"సన్నబియ్యమా, రేషనువా?"

అన్నయ్య పడీపడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. రేషను బియ్యమే పోసింది.

అన్నయ్య ఫోనులో వెతికాను. ఒక వీడియోలో బియ్యం అంటున్నారు. దాని కిందే ఇంకొకాయన: బియ్యం అస్సలు వద్దు, దుమ్ము రంధ్రాల్లోకి పోతుంది. హెయిర్ డ్రయర్ పెట్టమని ఒకరు, పెడితే ఫోను చచ్చిందే అని ఇంకొకరు. అందరూ ఒకే నమ్మకంతో చెప్తున్నారు. ఎవరి మాట వినాలి?

హేమ ఎందుకు పంపిందో ఎవరూ వీడియో చేయలేదు.

జూలై 9, బుధవారం

ఎండ లేదు. ముసురు. చీరలూ ఆరలేదు — ఇల్లంతా ముక్కవాసన.

"అంత ముఖ్యమైంది ఏముందే అందులో?" అన్నయ్య.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఊరికే ఆ బియ్యం కెలుకుతావేంటి? పురుగులు ఏరుతున్నావా?"

డిగ్రీ చివరి రోజు గుర్తొస్తోంది. ఫేర్‌వెల్ చీరల్లో అందరూ. అందరి ముందూ హేమ — "దానికి మనుషులెందుకే, పుస్తకముంటే చాలు. రేపు నేను చచ్చినా పేజీ తిప్పుకుంటూ కూర్చుంటుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నేను మాట్లాడలేదు. తనూ మాట్లాడలేదు. కాన్వెంటులో ఒకటో క్లాసు నుంచీ ఒకే బెంచీ మాది.

సారీ చెప్పిందా? పెళ్ళికి పిలిచిందా? పిలుపుకి నాలుగు నిమిషాలు అక్కర్లేదు. సారీకీ అక్కర్లేదు. తిట్టిందేమో… తిట్టడానికి రెండేళ్ళు ఆగుతారా?

జూలై 10, గురువారం

వచ్చింది! స్క్రీను వెలిగింది. ఒక మూల తెల్లటి మరక, అంతే. వైఫై కూడా పట్టుకుంది. హేమ పేరు పైనే ఉంది.

నొక్కాను. గీత మీద చుక్క కదులుతోంది. శబ్దం లేదు. వాల్యూమ్ పెంచాను. చెవికి ఆనించాను. ఏమీ లేదు. చుక్క చివరిదాకా వెళ్ళి ఆగింది.

స్పీకరు రంధ్రాల్లో గంజి గట్టిపడింది. పిన్నీసుతో గీకితే పొడిపొడిగా రాలుతోంది. అన్నయ్య ఇయర్‌ఫోన్లు వెతికి తెచ్చేలోపు స్క్రీను ఆరిపోయింది. మళ్ళీ రాలేదు.

అప్పుడు తట్టింది. ఆరిపోయే ముందు, మెసేజ్ పక్కన మైకు గుర్తు నీలంగా మారింది — విన్నారని చూపే గుర్తు. నేను చూశాను. అంటే అక్కడ హేమ ఫోనులోనూ మారే ఉంటుంది.

నేను విన్నాను. మొత్తం విన్నాను. విని ఊరుకున్నాను.

జూలై 11, శుక్రవారం

ఇవాళ కూడా ఊరుకున్నాను — తన లెక్కలో.

జూలై 12, శనివారం

బెంజ్ సర్కిల్ దగ్గర రిపేరు షాపు. అన్నయ్య బండి మీద దింపి, పని ఉందని వెళ్ళిపోయాడు. లోపలికి వెళ్ళే ముందు ఏం చెప్పాలో రెండుసార్లు అనుకున్నాను.

షాపాయన వెనక మూత తీసి చూశాడు. "నీళ్ళేనాండీ ఇవి?"

"గంజి అండీ."

"ఏంటండీ?"

"గంజి. చీరలకి పెట్టే…"

పక్క కౌంటరు వైపు తిరిగాడు. "బావా, టీలో పడేసుకున్నోళ్ళు వచ్చారు, సాంబార్లో పడేసుకున్నోళ్ళు వచ్చారు. గంజి మాత్రం ఇదే ఫస్టు!"

"ఇస్త్రీ కూడా చేసిచ్చెయ్యి మరి," అన్నాడు ఆ బావ.

నా చెవులు వేడెక్కాయి.

"బోర్డు మీద అట్టు కట్టేసిందండీ. కడిగి చూస్తా. వస్తే వస్తది."

"అందులో మెసేజీలు…"

"బ్యాకప్ పెట్టుకున్నారా?"

లేదు.

"అయితే పంపినోళ్ళనే ఇంకోసారి పంపమనండి మేడమ్. సింపులు."

సింపులట. దారంతా వాక్యాలు కట్టుకుంటూ వచ్చాను. నీ మెసేజ్ అందింది కానీ వినలేదు. విన్నట్టు కనిపిస్తుంది కానీ వినలేదు. గంజిలో పడింది. — నాకు ఎవరైనా ఇలా చెప్తే నేనే నమ్మను.

జూలై 13, ఆదివారం

సిమ్ అమ్మ పాత కీప్యాడ్ ఫోనులో వేశాను. పొద్దున ఒక మిస్డ్ కాల్. పేర్లేవీ లేవు ఇందులో, ఉత్త అంకెలు. హేమ నంబరు నాకు ఎప్పుడూ పేరుగానే తెలుసు.

తనేనా? తనైతే, హలో తర్వాత ఏమనాలి?

చాలాసేపటికి నేనే చేశాను. మగగొంతు. "పటమటేనాండీ? ఇల్లెక్కడ?" కంగారులో "రాంగ్ నంబర్" అని పెట్టేశాను.

తర్వాత ఎస్సెమ్మెస్ వస్తే తెలిసింది, కొరియరు. నేను తెప్పించుకున్న పుస్తకం. వెనక్కి పోయింది.

"నువ్వే ఫోను చేసి, రాంగ్ నంబరని నువ్వే చెప్పావా!" అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో కళ్ళలో నీళ్ళు.

జూలై 14, సోమవారం

షాపు నుంచి ఫోన్. "బోర్డు పోయిందండీ. ఇంక రాదు."

కొత్తది కొందాం అంటాడు అన్నయ్య. గంజి పట్టనిది చూసి. కొంటాం, సరే. అందులో ఆ నాలుగు నిమిషాలు ఉండవు. అవి ఇప్పుడు హేమ దగ్గర మాత్రమే ఉన్నాయి. తనూ తీసేసి ఉంటే — అదీ తెలియదు.

విన్నాక కూడా పలకని మనిషిని అయ్యాను. ఆ రోజు అందరి ముందూ చెప్పిందే నిజమని అనుకుంటూ ఉంటుందా? లేక అది నిజమేనా?

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. చెప్పులు వేసుకున్నాను. విప్పాను. మళ్ళీ వేసుకున్నాను.

"ఎక్కడికే ఇందూ, ఈ బురదలో?"

"ఎక్కడికీ లేదమ్మా."

హేమ వాళ్ళ ఇల్లు మా వెనక వీధిలోనే.