గంగాళంలో సముద్రం

జూలై 2, బుధవారం

పొద్దున పైకి వెళ్లేసరికి నీలం చేప ఫిల్టర్ పక్కన ఒరిగి ఉంది. మొదట నత్తలు పోయాయి. తర్వాత ఎర్ర రొయ్య. ఇప్పుడు చేప.

అన్న మోకాలి ఆపరేషన్ చేయించుకుని వరంగల్‌లో కూతురింట్లో ఉన్నాడు. పై పోర్షన్ తాళం చెవి నా దగ్గర. ఆయన అద్దాల సముద్రం, అదే ఉప్పునీళ్ల చేపల పెట్టె, నా నెత్తి మీద. బ్లౌజులు కుట్టుకునేవాడికి ఇవన్నీ అవసరమా?

ఇంకా చెప్పలేదు.

జూలై 3, గురువారం

చెప్పేశాను. అన్న కోప్పడలేదు... అదే భయం నాకు. అమ్మోనియా చూడమన్నాడు. ఉప్పు చూడమన్నాడు. వేడి చూడమన్నాడు. టెస్ట్ కిట్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, అన్నీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మరి చావడం దేనికి?

"ఏం తెల్వనప్పుడు నీళ్లు మార్చు. జరంత జరంత మార్చు" అన్నాడు.

ఉప్పు నీళ్లు కలిపే బకెట్ పగిలింది కదా, కొత్తది తెచ్చావా అని అడిగాడు. తెచ్చానన్నాను. అబద్ధం. అది పగిలిన రోజే అటక మీద నుంచి అమ్మ రాగి గంగాళం దించాను — నెల రోజులుగా ఉప్పు నీళ్లు కలిపేది అందులోనే. అన్న వచ్చి చూసి నోరు తెరవాలి. అప్పటిదాకా చెప్పను.

సిరిసిల్ల నుంచి ఈ అమీర్‌పేట గల్లీకి వచ్చినప్పుడు మా సామాన్లలో పెద్దది ఆ గంగాళమే. నాయన కుట్టుమిషన్ కంటే బరువు. ఆదివారం అమ్మ అందులో నీళ్లు కాచి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తల మీద పోసేది. మొదటి చెంబు ఎప్పుడూ అన్నకే. యాభై దాటినా ఆ కుళ్లు పోలేదు నాకు.

జూలై 5, శనివారం

నీళ్లు మార్చాను. క్యాన్ నీళ్లు పోసి, ఉప్పు వేసి, పంపు పెట్టి నిన్నంతా తిప్పాను.

ఒక వింత. నల్లగా మసిబారిన గంగాళం లోపల మెరిసిపోతోంది. చింతపండు లేదు, పీచు లేదు. మా ఆవిడ సుజాతను పిలిచి చూపించాను. "అత్తమ్మ ఉంటే మస్తు సంబురపడేది" అంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

జూలై 6, ఆదివారం

షాపు సెలవు. పైనే కూర్చున్నాను, అన్న కుర్చీలో.

చిన్నప్పుడు ఆదివారం ఇద్దరం పంజాగుట్ట దాకా నడిచేవాళ్లం. అక్కడ చేపల షాపు. ముక్కులు అద్దానికి ఆనించి నిలబడేవాళ్లం. షాపాయన కసిరితే రోడ్డు దాటి, ఆయన లోపలికి పోగానే మళ్లీ వచ్చేవాళ్లం. "పెద్దగైనంక ఇంట్లనే సముద్రం పెడతరా" అనేవాడు అన్న. సముద్రం మేమిద్దరం చూసింది లేదు. నేను నవ్వేవాణ్ణి. పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు.

జూలై 8, మంగళవారం

పసుపు చేప కూడా పోయింది.

ఇక రాజు, రాణి మిగిలారు. నారింజ రంగు మీద తెల్ల పట్టీల జంట. రాణిని అన్న కొన్నది అమ్మ చివరి ఏడాది. పదకొండేళ్లు. అమ్మ మంచం ఆ పెట్టె పక్కనే వేయించుకుంది. పేరు పెట్టింది కూడా ఆవిడే. మనవరాలిని పిలిచినట్టు పిలిచేది.

దీనికేమైనా అయితే అన్న మొహం ఎలా చూడాలి?

జూలై 9, బుధవారం

పక్కింట్లో పెయింట్ వేస్తున్నారు. ఆ వాసనేమో. కిటికీలు మూశాను. అగరొత్తులు మాన్పించాను. సుజాత వినకుండా రాళ్లుప్పు తిప్పి దిష్టి తీసింది — ఉప్పునీళ్లలో బతికేవాటికి ఉప్పుతో దిష్టి! తిడదామనుకుని నవ్వేశాను. చాలా రోజులకి నవ్వాను.

మళ్లీ నీళ్లు మార్చాను. ఈసారి సగం.

జూలై 11, శుక్రవారం

రాజు పోయాడు.

రాణి రాయి వెనక దాక్కుంది. మొప్పలు గబగబా ఆడుతున్నాయి. మేత గింజ వేస్తే చూడటం లేదు.

జూలై 12, శనివారం

షాపు కట్టేసి, సీసాలో నీళ్లు పట్టుకుని పంజాగుట్ట వెళ్లాను. పాత షాపు కాదు, వేరేది. అందులో ఉన్నాయన ఓపికగల మనిషి. ఏది ముందు పోయింది, ఏది తర్వాత అని వరసగా అడిగాడు. నత్తలు, రొయ్య, తర్వాత చేపలు అన్నాను. ఆయన సీసా వెలుతురుకు పట్టి చూశాడు.

"అన్నా, రాగిది ఏమన్న నీళ్లకు తగులుతుందా?"

చెప్పాను. గొప్పగానే చెప్పాను మొదట... అమ్మది, పాతది, అసలు రాగి అని. చెబుతుండగానే ఆయన మొహం చూసి ఆపేశాను.

ట్యూబులో చుక్కలు వేశాడు. నీళ్లు రంగు తిరిగాయి. ఉప్పు రాగిని తినేస్తుందట. అది నీళ్లలోకి దిగుతుందట. నత్తలు, రొయ్యలు ముందు పోతాయట. అందుకే గంగాళం మెరిసింది. చేప చచ్చినప్పుడల్లా నీళ్లు మార్చాను. మార్చినప్పుడల్లా ఇంకాస్త విషం పోశాను.

బకెట్ సంగతి అన్నతో ఆ రోజే నిజం చెప్పి ఉంటే... నిమిషంలో పట్టేసేవాడు.

జూలై 13, ఆదివారం

ప్లాస్టిక్ టబ్బు. కొత్త నీళ్లు. రాణిని మార్చాను. వల రెండుసార్లు జారింది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే చేతులు ఇవి.

పెట్టెలో రాళ్లు కూడా రాగి పీల్చుకున్నాయట, పెట్టెను మళ్లీ మొదట్నుంచి చేయాలట. ఖాళీ చేశాను.

అన్న ఫోన్. రాణి ఎట్లున్నదని అడిగాడు. మంచిగున్నదన్నాను. రెండో అబద్ధం.

జూలై 16, బుధవారం

తినలేదు.

జూలై 17, గురువారం

మొప్పల ఆట కొంచెం నెమ్మదించింది. లేక నాకలా అనిపిస్తోందా. తినలేదు.

గంగాళాన్ని మళ్లీ అటక ఎక్కిద్దామంటే మనసు రావడం లేదు. దానిదేం తప్పు? పై గది తలుపు పక్కన బోర్లించాను.

జూలై 20, ఆదివారం

అన్న వచ్చాడు. అక్కడే ఇంకా పది రోజులు ఉంటాడనుకున్నాను. మెట్లు ఎక్కొద్దన్నారు డాక్టర్లు. వింటేగా. ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ, నా భుజం పట్టుకుని ఎక్కాడు. చెప్పాల్సిన మాట ప్రతి మెట్టు మీదా నోటిదాకా వచ్చి వెనక్కిపోయింది.

తలుపు దగ్గర ఆగాడు. పెట్టె చూడలేదు ముందు. గంగాళం చూశాడు. "అమ్మది" అన్నాడు. వంగలేక, తిప్పమని సైగ చేశాడు. తిప్పాను. లోపలికి చెయ్యి పెట్టి నిమిరాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది. ఖాళీ పెట్టె వైపు చూశాడు. టబ్బు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"దీంట్లనే కలిపినవా?"

"ఆఁ."

"బకెట్ కొన్ననంటివి."

"కొనలే అన్నా. నువ్వు చూసి ఖుషీ అవుతవని..."

ఏడ్చాను. ఏం చేయను, ఏడుపొచ్చింది.

అన్న గంగాళం అంచు మీద వేలు ఆడిస్తూ ఉన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అమ్మ సుత ఇంత మెరిపియ్యలేదురా."

కుర్చీ టబ్బు దగ్గరికి లాగమన్నాడు. కాలు చాపుకుని కూర్చున్నాడు. ఒక గింజ వేశాడు. రాణి వచ్చింది, నోట్లోకి తీసుకుంది, ఉమ్మేసింది. ఇంకోటి వేశాడు. మళ్లీ ఉమ్మేసింది. నన్ను కిందికి పొమ్మన్నాడు.

సాయంత్రం అయింది. సుజాత అన్నం తినడానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. పైన కుర్చీ టబ్బు వైపు ఇంకాస్త జరిగిన చప్పుడు. అన్న ఇంకా దిగలేదు.