మూడవ ప్రకటనకు తాళం

కుందలహళ్ళి, బెంగళూరు
గురువారం

శ్రీయుత పోలీసు ఇన్‌స్పెక్టరు మునినారాయణప్ప గారి సముఖమునకు, కుందలహళ్ళి తెలుగు ఆంగ్లికన్ సంఘ కార్యదర్శి, రిటైర్డు బస్సు డిపో గుమాస్తా కంచర్ల వీరభద్రం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: జయరామప్ప గారి టైల్సు గోడౌను మీది హాలుకు తమ స్టేషను వారు వేయించిన తాళమును ఈ ఆదివారం ఒక్క పూటకైనను తీయించి, మా సంఘములో చదవవలసి మిగిలియున్న మూడవ పెండ్లి ప్రకటనను చదువుకొననిచ్చుట గురించి.

తమరు చింతామణి వైపు వారని, ఇంట తెలుగే మాట్లాడుదురని కాన్‌స్టేబులు నేత్రావతి గారు సెలవిచ్చినందున తెలుగులో వ్రాయుచున్నాను. కన్నడ ప్రతి జతపరచినాను. సర్వీసులో ఉండగా నేను ఫిర్యాదుల సెక్షనులోనే పనిచేసితిని. కాగితము ఎట్లు మూలబడునో నాకు తెలియును కనుక ఇది చేతికే ఇచ్చుచున్నాను.

1. మాది కొత్త సంఘము. మూడేండ్ల క్రిందట నా భార్య కాలము చేసిన పిమ్మట మా అమ్మాయి హరిణి నన్ను చీరాల నుండి తీసుకొనివచ్చి బ్రూక్‌ఫీల్డులోని తన ఫ్లాటులో ఉంచుకొన్నది. మాకు దగ్గరి గుడులలో ఆరాధన ఇంగ్లీషులోనో, తమిళములోనో, కన్నడములోనో జరుగును. నేను ఊరకే పెదవులు కదుపుచు కూర్చొనుట చూచి మా అమ్మాయి తట్టుకొనలేకపోయినది. తెలిసిన నాలుగు తెలుగు కుటుంబముల వారిని పిలిచి, సోఫాలు గోడకు జరిపి, తన ఇంటి హాలులోనే ఆదివారపు ఆరాధన మొదలుపెట్టినది. ఒక పాత గుడి నుండి రెవరెండు స్టాన్లీ అయ్యగారు వీలైన ఆదివారములు వచ్చి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసము) ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఆయన రాని నాడు ప్రార్థన పుస్తకము చూచి నేను నడిపితిని. ఈ సంఘమును నాటినది ఎవరని అడిగిన యెడల, నేను మా అమ్మాయి పేరే చెప్పుదును. ఈ సంగతి తమరు గుర్తుంచుకొనవలెనని ప్రత్యేకముగా కోరుచున్నాను.

2. తదుపరి జనము పెరిగిరి. సాఫ్టువేరు వారు, పీజీ హాస్టళ్ళ పిల్లలు, క్యాబు డ్రైవర్లు, ఆసుపత్రి నర్సులు రాసాగిరి. చెప్పులు వరండా దాటి ఎదురు ఫ్లాటు గుమ్మము వరకు పోయినవి. అపార్టుమెంటు సంఘము వారు చెప్పులపై తీర్మానము చేసిరి. అంతట జయరామప్ప గారు తమ గోడౌను మీది హాలును బాడుగకు ఇచ్చిరి. వారు హిందువులు. అయినను క్రిస్మసు నాడు వారి సతీమణి సొన్నమ్మ గారు తెల్లవారక మునుపే మా మెట్లన్నిటికి ముగ్గులు వేసిపెట్టిరి. ఆ ముగ్గు తొక్కలేక మేము గోడవారగా పైకెక్కితిమి.

3. శబ్దము గురించి: మా ఆరాధనలో మైకు లేదు, డప్పు లేదు, కేకలు లేవు. పుస్తకములో ఎక్కడ నిలబడుమని ఉన్నదో అక్కడ నిలబడుదుము, కూర్చొనుమన్న చోట కూర్చొందుము, మోకరించుమన్న చోట మోకరించుదుము. అందరము ఒక్కమారు మోకరించునప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు గీసుకొనుట వాస్తవము. క్రిందనున్న జయరామప్ప గారు ఒకనాడు నన్ను పిలిచి, "ఏమప్పా వీరభద్రప్పా, మీ దేవుడు నిదానంగానే ఉండాడు. మీ కుర్చీలే గలాటా చేస్తాండాయి" అనిరి. ఆ మరునాడే అన్ని కుర్చీల కాళ్ళకు రబ్బరు తొడుగులు తొడిగించితిని. కావలసినచో తమరు స్వయముగా జరిపి చూడవచ్చును.

4. పెండ్లి ప్రకటన అనగా ఏమో తమరికి తెలియకపోవచ్చును. మా పద్ధతిలో పెండ్లాడువారి పేర్లను మూడు ఆదివారములు ఆరాధన నడుమ అందరి ఎదుట చదువుదురు. వీరిరువురిని జతపరచకూడదనుటకు న్యాయమైన అడ్డంకి ఎవరికైన తెలిసియున్న యెడల ఇప్పుడే చెప్పవలెనని అడుగుదురు. అడిగి కాసేపు ఆగుదురు. ఆక్షేపణలు పుచ్చుకొనుట తమ స్టేషనులోనే కాక మా గుడిలోను ఉన్నదని మనవి. మా సంఘములో ఇది మొట్టమొదటి పెండ్లి. అందరు పెండ్లికాని సాఫ్టువేరు పిల్లలలో ఎవరిదో మొదట అగుననుకొనిరి.

వధువు మార్త. నెల్లూరు వైపు మనిషి. ఇక్కడి పీజీ హాస్టలులో వంట చేయును. భర్త పోయి చాలా కాలమైనది, పిల్లలు లేరు.

సదరు వరుడు ఈ అర్జీదారుడే. ఇది విషయము క్రిందనే వ్రాయవలసినది, కలము సాగలేదు. నాకు అరువది ఆరు.

మార్త మొదటిసారి వచ్చిన నాడు నేను వాక్యపఠనము చేసితిని. తరువాత ఆమె టీ కప్పులు కడుగుచు, "బస్సు టైములు చదివినట్టు చదువుతారేందండీ, ఎక్కేవాళ్ళు ఎక్కొద్దా?" అన్నది. ఆనాటి నుండి నిదానముగా చదువుచున్నాను. అయ్యా, ఇంట్లో అందరూ ఉన్నారు, ఎవరూ ఒక్క మాట అనరు, తిండికి లోటు లేదు. కానీ పగలంతా ఎవరి ల్యాప్‌టాపు వారిదే. ఫ్యానుకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి, ఆదివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఇంతకన్న ఆఫీసు భాషలో చెప్పుట నాకు చేతకాలేదు.

5. విషయము తెలిసి మా అమ్మాయి కోపగించినది. "నాన్నా, నేను స్టార్ట్ చేసింది చర్చి. మ్యాట్రిమోనీ సైట్ కాదు" అన్నది. తరువాత ఏడ్చి, "అమ్మ బైబిల్ ఇంకా నా తలగడ పక్కనే ఉంది. ఇప్పుడు నేనెవర్ని అమ్మా అని పిలవాలి?" అని అడిగినది. ఎవరినీ పిలవక్కరలేదమ్మా అంటిని. అది ఆమె అడిగినదానికి జవాబు కాదని నాకును తెలిసినది. మొదటి ప్రకటన నాడు ఆమె వెనుక వరుసలో తల వంచుకొని కూర్చున్నది. అయ్యగారు అడిగి ఆగినప్పుడు ఏమియు అనలేదు. రెండవ ప్రకటన నాడు తలనొప్పి అని రాలేదు.

6. ఆ రెండవ ఆదివారమే, ప్రకటన చదివి అయ్యగారు ఆగియుండగా, మెట్ల మీద బూట్ల చప్పుడైనది. అందరును తలుపు వైపు తిరిగిరి. అడ్డంకి రానే వచ్చినదనుకొంటిని. వచ్చినది నేత్రావతి గారు. "ఇన్‌చార్జి ఎవరు సార్? పర్మిషన్ లేకుండా జనాన్ని చేర్చి గలాటా చేస్తాండారని కంప్లేంట్ వచ్చిండాది" అనిరి. లోపల నిశ్శబ్దముగా ఉన్న వారందరిని చూచి ఆమెయే తికమకపడిరి. జయరామప్ప గారు పరుగున పైకి వచ్చి, "మేడమ్మా, వీళ్ళు పుస్తకం చూసుకోని లేస్తారు, కూసుంటారు, అంతే. దానికి కంప్లేంటా?" అని వాదించిరి. ఆమె, "నా చేతిలో ఏమీ లేదప్పా. మా సాహేబ్రు విచారించేదాకా బీగం వేసేది వేసేదే" అని తాళము వేయించి చెవి తీసుకొనిపోయిరి. ఆమెపై నాకు ఫిర్యాదు లేదు. పోవునప్పుడు క్షమించండి సార్ అనిరి కూడ.

7. ఈస్టరు తరువాత చేసికొనరాదా అని తమరు అడుగవచ్చును. వచ్చే బుధవారము నుండి మాకు ఈస్టరుకు ముందటి శ్రమకాలము. ఆ నలుబది దినములు మా గుడిలో పెండ్లి చేయరు. ఈ ఆదివారము మూడవ ప్రకటన, మంగళవారము పెండ్లి అని అయ్యగారు ఏర్పాటు చేసిరి. ఇది తప్పినచో, ఇప్పటికి చదివిన రెండును ఈస్టరు నాటికి చెల్లవు, మరల మొదటి నుండి చదువవలెనట. మరల మొదటి నుండి నిలబడి అందరిచేత చూపించుకొను ధైర్యము నాకు లేదు, మార్తకును లేదు.

8. నా పెండ్లి సంగతి అట్లుంచినను, సంఘము చెదరుచున్నది. కొత్త సంఘము పాలు తోడుపెట్టిన గిన్నె వంటిది, కదిలించిన తోడుకొనదు. ఇప్పటికే రెండు జంటలు ఏసీ హాలు గల మరియొక సభకు పోయిరి. అక్కడ ఫిల్టరు కాఫీ కూడ ఇత్తురట. మిగిలినవారు నాకు ఫోను చేసి, ఎక్కడ కలుద్దాం అంకుల్ అని అడుగుచున్నారు. ఈ ముసలివాడి పెండ్లి వలననే ఇదంతయు వచ్చినదని ఎవరును అనలేదు. నేనే అనుకొని నిద్రపోలేకున్నాను.

కావున తమరు దయతో విచారణ ముగించి, ఆదివారము పదింటికి ముందు తాళము తీయించవలెను. స్కూటర్లు గేటు ముందర నిలపకుండ నేనే నిలబడి చూచుకొందును. ఫిర్యాదు చేసిన వారి పేరు నేను అడుగుట లేదు. వారిని స్టేషనుకు పిలిపించి మా ఎదుట నిలబెట్టవలదని వేడుకొనుచున్నాను.

ఇది ఒక్క సంఘపు బ్రతుకని, ఒక్క ముసలివాని లజ్జ అని తలచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కంచర్ల వీరభద్రం

తా.క. పైన ఉన్నదంతా ఆఫీసు కాగితం. ఇది మీరొక్కరే చదవండి, కన్నడ ప్రతిలో ఇది లేదు.

ఆ రోజు తాళం వేసేముందు, హాలు ఇదేనా అని అడగడానికి నేత్రావతి గారు ఫిర్యాదు చేసిన మనిషికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు. పక్కన నేనున్నాను. "ఆ, అదే హాలండి. ప్లీజ్, నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకండి" అని అవతల పెట్టేసింది. అయ్యా, ఆ గొంతుకి మాటలు నేర్పింది నేను.

ఇంటికి పోతే దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కాఫీ కలిపి ఇచ్చాను. చక్కెర ఎక్కువైంది నాన్నా అంది, అంతే.

దాని పేరు సంఘంలో ఎవరికీ తెలియనివ్వకండి. తెలిస్తే అది మళ్ళీ ఆ మెట్లెక్కదు. తను నాటిన సంఘంలో తనకే చోటు లేకుండా పోతుంది. నా పెళ్లి ఆగినా ఓర్చుకుంటాను గానీ దాన్ని ఓర్చుకోలేను.

మార్తకి చెప్పాను. బియ్యం ఏరుతూనే, "ఆ పిల్లకి ఇష్టం లేకుండా ఆ ఇంట్లో నేను గ్లాసు కూడా ముట్టనండీ. కానీ పోలీసుల చేత చెప్పించొద్దనండి. మొహం చూసి చెప్పమనండి" అంది. కూతురి మనసు నొచ్చుకోవడం న్యాయమైన అడ్డంకి కిందికి రాదని స్టాన్లీ అయ్యగారన్నారు. పుస్తకం ప్రకారం రాకపోవచ్చు.

అందుకని, ఫిర్యాదు మూసేశామని మీవాళ్ళు దానికి ఫోన్ చేసేటప్పుడు ఒక్క మాట కలిపి చెప్పించండి. నేను చెప్పమన్నానని అనొద్దు. ఆదివారం హాలు తీసే ఉంటుంది, మూడోసారి చదివాక కూడా అయ్యగారు కాసేపు ఆగుతారు అని చెప్పమనండి. వెనక వరసలో దాని కుర్చీ ఖాళీగా ఉంచుతాను. అది లేచి నిలబడితే, నేను కూర్చుంటాను.