నాలుగింటికి ఆగిపోయే పెట్టె

చోడవరం,
6 జూలై 1998

రోలుగుంట గెడ్డ ఒడ్డున ఉంటున్న శ్రీమతి మణెమ్మ గారికి నమస్కారం.

గెడ్డ నీటి కబురు కార్యాలయం నుంచి రాస్తున్నాను. మీ ఇంటి గోడకు బిగించిన ఏడో నంబరు రేడియో పెట్టె, గెడ్డలో నీళ్లెంత ఎత్తున ఉన్నాయో పావుగంటకోసారి గాలిలో చెబుతుంది. ఆ మాటను ఒక ఇంటి పెట్టె విని మరో ఇంటి పెట్టెకు అందిస్తుంది. అలా చేతులు మారి నా బల్ల మీది కంప్యూటరుకు చేరుతుంది. తెర మీద పదకొండు పెట్టెలూ పదకొండు చుక్కలు. మాట వస్తుంటే చుక్క పచ్చగా ఉంటుంది, ఆగితే ఎర్రబడుతుంది.

జూన్ పదిహేను నుంచి మీ చుక్క రోజూ సాయంత్రం నాలుగు మొదలు అయిదు వరకు ఎర్రగా ఉంటోంది. ఆ గంటలో మీరు ప్లగ్గు పీకేస్తున్నారని భావిస్తున్నాము. ఇలాగే కొనసాగితే పెట్టెను వేరే ఇంటికి మార్చవలసి వస్తుంది.

ఇట్లు,
గణపతిరావు, పర్యవేక్షకుడు

తా.క. ఆ ప్లగ్గులో మిక్సీ పెడుతున్నట్లయితే దానికి వేరే ప్లగ్గు వేయించుకోగలరు.


రోలుగుంట,
11 జూలై

చోడవరంలో కంప్యూటరు ముందు కూర్చున్న గణపతిరావు బాబుకి రోలుగుంట మణెమ్మ చెప్పి రాయించే ఉత్తరం. ప్రభువు నామాన వందనాలు. వందనాలు అయిపోయాయి, ఇక వినండి.

నాకు చదువు రాదు. మీ కాగితాన్ని మా సంఘం జాషువా మాస్టారు చదివి వినిపించేరు. ఆయన తప్పు చదివేరేమోనని రెండోసారి కూడా చదివించుకున్నాను. తప్పు ఆయనది కాదు.

నా పెనిమిటి ఏసుదానం పన్నెండేళ్ల కిందట ఈ గెడ్డ దాటుతూనే పోయేడు. కొండల్లో వాన కురిసిందని మాకెవరూ చెప్పలేదు. ఇక్కడ ఎండ కాస్తుండగా నీళ్లొచ్చేయి. మూడో రోజున దొరికేడు. మీ మనుషులు పెట్టె పట్టుకొచ్చి "నీళ్లొస్తే ఇది ముందే చెబుతాదమ్మా" అన్న రోజున ఊళ్లో ఎవరూ గోడ ఇవ్వలేదు. "నా గోడకి కొట్టండి మేకు" అన్నది నేను. రోజూ పొద్దున్నే దాన్ని పొడిగుడ్డతో తుడుస్తాను. ఆ పెట్టె నోరు నేను నొక్కుతానా? మా ఇంట్లో మిక్సీ లేదు. రోలుంది. దానికి ప్లగ్గు లేదు.

మీరు చోడవరం నుంచి నా గోడ చూడగలిగితే, నాలుగింటికి నేను ఆ పెట్టెకెదురుగా కూర్చుని చింతపండులో గింజలు తీస్తుండడం కూడా కనబడాలి. కనబడలేదంటే మీ యంత్రానికి చూపు లేదు. కనబడీ ఇలా రాసేరంటే మీకు సిగ్గు లేదు. రెండింట్లో ఏదో కాగితం మీద రాసి పంపండి. పెట్టె మీద మాత్రం చెయ్యి వెయ్యకండి.

ఇలా చెప్పింది,
మణెమ్మ (వేలిముద్ర)

తా.క. మంగళవారం నుంచి నా ఎర్రకోడి కనబడటం లేదు. అది ఎవరింట్లో ఉందో మీ తెర మీద చూసి చెప్పండి.

రాసిపెట్టినవాడి మనవి: సిగ్గు గురించి చెప్పినచోట మరి రెండు మాటలు కూడా అన్నారు. అవి నేను రాయలేదు. – జాషువా


చోడవరం,
18 జూలై

శ్రీమతి మణెమ్మ గారికి నమస్కారం.

కోళ్లు మా కార్యాలయం పరిధిలోకి రావు. మా కంప్యూటరుకు ఇళ్లు గానీ మనుషులు గానీ కనబడరు. ఏ పెట్టె మాటను ఏ పెట్టె వింటోందో అంతవరకే కనబడుతుంది.

మీకూ చోడవరానికీ మధ్య కొండ అడ్డు. అందువల్ల మీ పెట్టె మాటను అవతలి ఒడ్డున వడ్డాదిలో తొమ్మిదో నంబరు, అనగా శ్రీమతి సువార్తమ్మ గారి ఇంటి పెట్టె, అందుకుని మాకు పంపుతుంది. తెర మీద మీ రెండిళ్ల మధ్య ఉన్న గీత అన్నిటికన్నా మందం. ఇంత గట్టి అనుబంధం మొత్తం పదకొండు పెట్టెల్లో మరొకటి లేదు.

నాలుగింటికి మీ చుక్కతో పాటు ఆవిడ చుక్క కూడా ఎర్రబడుతోంది. పైన తూము మూస్తే కింది కాలువ ఎండుతుంది కదా. కనుక మూత మీ దగ్గరే ఉందని మా నిర్ణయం.

ఇట్లు,
గణపతిరావు

తా.క. సువార్తమ్మ గారు మీకు తెలిసినవారే అయితే, ఇద్దరూ మాట్లాడుకుని సమస్యను పరిష్కరించుకోగలరు.


రోలుగుంట,
22 జూలై

గణపతిరావు గారికి. ఈసారి బాబూ లేదు, వందనాలూ లేవు.

సువార్తమ్మ నాకు తెలుసు. నా తోడబుట్టింది. పన్నెండేళ్లుగా నేను దాని మొహం చూడలేదు.

ఏసుదానాన్ని సాయంత్రం నాలుగింటికి మట్టి చేసేం. కోటపాడు నుంచి వచ్చేరు, విశాఖపట్నంలో పనులు మానుకుని వచ్చేరు. గెడ్డకి అవతల ఉన్న చెల్లెలు రాలేదు. "ఒడ్డాది రేవులో మనిసిలోతు నీలున్నాయి, దాటలేకపోనాను" అని మర్నాడు కబురంపింది. ఆ పూట మా రేవులో మోకాటి లోతు. సమాధి దగ్గర నుంచి వచ్చి నేనే దిగి కాళ్లు కడుక్కున్నాను. ఒకే గెడ్డకి రెండు లోతులుంటాయా? మళ్లీ నా గుమ్మం తొక్కొద్దని చెప్పి పంపేను. అది తొక్కలేదు.

అలాంటిది, నా గోడ మీద కూర్చుని, నా కరెంటు తిని, ఈ రేకు డబ్బా పావుగంటకోసారి దానితో మాట్లాడుతోందా? రోజుకి తొంభై ఆరుసార్లని మాస్టారు చెప్పేరు. మీరు చెప్పిన ఎర్ర గంట తీసేస్తే తొంభై రెండు. ఒక్కసారైనా మాట్లాడకుండా నేను పన్నెండేళ్లు ఉగ్గబట్టుకుంటే, మీరు నన్నడక్కుండా మమ్మల్ని కలిపేసేరు!

నా మాటని కోటపాడు వైపు తిప్పండి. కొండ అడ్డమయితే కొండని జరపండి. దాని ఇంటికి మాత్రం వెళ్లకూడదు.

మణెమ్మ (వేలిముద్ర)

తా.క. ముందు పలకరిస్తున్నది దాని పెట్టా, నా పెట్టా? ఇది మాత్రం వెంటనే తెలియజెయ్యండి.

రాసిపెట్టినవాడి మనవి: ఈసారి వదిలేసిన మాటలు నాలుగు. – జాషువా


చోడవరం,
3 ఆగస్టు

శ్రీమతి మణెమ్మ గారికి నమస్కారం.

మీరు వెంటనే తెలియజెయ్యమన్నది ముందు. మీ పెట్టే మొదట పలకరిస్తుంది. తొమ్మిదో నంబరు విని "అందింది" అంటుంది.

రెండోది, నా క్షమాపణ. మంగళవారం నాలుగింటికి ఒక రేడియో సెట్టు పట్టుకుని మీ వెనక కొండ ఎక్కాను. మీ పెట్టె మాట్లాడుతూనే ఉంది. నా చెవులతో విన్నాను. అవతల వినేవారే లేరు. నేను మాటను నీళ్లలాగా అనుకుని తూములూ కాలువలూ అని రాశాను. మాట నీరు కాదు. వినేవాడు లేచి వెళ్లిపోతే చెప్పేవాడు మూగవాడిలా కనబడతాడు. ప్లగ్గు పీకుతున్నది సువార్తమ్మ గారు.

ఒక ఫిర్యాదు ఫారం జతచేశాను. దాని మీద మీరు వేలిముద్ర వేస్తే, ఆవిడ ఇంటి పెట్టెను తీసి వడ్డాదిలో వేరే ఇంటికి బిగిస్తాము. మీరు కోరినదీ నెరవేరుతుంది.

మూడోది. ఒకే గెడ్డకి రెండు లోతులుంటాయా అని అడిగారు. ఉంటాయి. జూలై ఇరవై ఎనిమిది సాయంత్రం అయిదుంబావుకు మీ రేవులో రెండడుగులు, వడ్డాది రేవులో ఏడడుగులు. మీ రెండు ఊళ్ల మధ్య మరో గెడ్డ వచ్చి ఇందులో కలుస్తుంది. దాని మీద కురిసిన వాన మీ రేవులో కనబడదు. అంకెల కాగితం కూడా పంపుతున్నాను.

ఇట్లు,
గణపతిరావు

తా.క. మా ప్రింటరు రిబ్బను వెలిసిపోయింది. అంకెలు లేతగా ఉన్నా నిజమైనవే.


వడ్డాది,
13 ఆగస్టు

గణపతిరావు బాబుకి వడ్డాది నుంచి మణెమ్మ చెప్పి రాయించే ఉత్తరం. వందనాలు, నిండుగా.

మీ ఫారం అందింది. బొటనవేలికి సిరా కూడా రాసుకున్నాను. ఈలోగా మాస్టారు అంకెల కాగితం తీసేరు. రెండు, ఏడు. మళ్లీ చదవమన్నాను. రెండు, ఏడు. నాలుగోసారి చదివేసరికి వేలి మీద సిరా ఆరిపోయింది.

"మాస్టారూ, బస్సెక్కుదాం రండి. అది ప్లగ్గు పీకుతుండగా నా కళ్లతో సూడాలి" అన్నాను. ఇప్పుడు వంతెన ఉంది. అప్పుడు లేదు.

నాలుగింటికి దాని గుమ్మంలో నిలబడ్డాం. తలుపు ఓరగా ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. స్టూలెక్కి ప్లగ్గు పీకింది. పెట్టెని మేకు మీంచి తీసి, చంటిదాన్ని దించినట్టు దించి, చాప మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. అప్పుడు ఆ పెట్టెతో అంటుంది కదా:

"అక్కా, ఇయ్యాల గేదె ఈనింది. పెయ్యదూడ. నీ మోకాలు నొప్పి తగ్గిందేటి? అక్కా, ఆ రోజు నాలుగింటికి బావని మట్టి సేస్తన్నారని నాకు తెలుసు. సీకటి పడేదాకా రేవులోనే నిలబడ్డాను. మనిసిలోతు నీలు, అక్కా. నువ్వు నమ్మవు గానీ."

నేను ఆగలేకపోయేను. "ఏడడుగులే సువార్తా! కాగితం మీదుంది!" అన్నాను.

అది గుమ్మం వైపు చూడలేదు బాబూ. పెట్టె వైపు చూసి, రెండు చేతులూ జోడించి, "అమ్మో, పలికింది!" అని వెనక్కి పడబోయింది. "ఇటు సూడే గుంటా, ఇటు!" అన్నాను.

తరవాత జరిగింది మీ తెర మీద రాదు, మీకు అక్కర్లేదు.

మీ ఫిట్టరు పెట్టె బిగించినప్పుడు "ఈ దీపం మిణుకుమంటే మీ అక్కగారింటి మాట అందినట్టు" అని దానితో చెప్పేడట. అందిన దారినే తన మాట కూడా తిరిగి వెళ్తుందనుకుంది. మరి ప్లగ్గు పీకితే దీపం ఆరిపోతుంది కదే అనడిగేను. "దీపం ఆరితే, నువ్వు మాటాడకుండా నా మాటే ఇంటన్నావనుకున్నాను" అంది. రెండు నెలలు రోజూ ఒక గంట నాకు చెప్పుకుంది. ఒక్క ముక్కా నాకు రాలేదు. ఇప్పుడు మొదటి నుంచీ చెప్పించుకుంటున్నాను. జూలై దాకా వచ్చేం.

ఇక మీద ప్లగ్గు పీకదు. నేను పూచీ. మా పెట్టెల్ని కదపకండి, మధ్యలో గీత ముట్టుకోకండి. మీ ఫారం కోసం ఎదురు చూడకండి. చెల్లెలు మాస్టారికి అందులో బెల్లం పొట్లం కట్టి ఇచ్చింది.

ఇలా చెప్పిన
మణెమ్మ, సువార్తమ్మ (వేలిముద్రలు)

తా.క. ఎర్రకోడి దొరికింది. నా గోడ మీద మీ పెట్టెకి సరిగ్గా పైనున్న అటక మీద పొదిగింది. తొమ్మిది పిల్లలు. మీ యంత్రానికి చూపు లేదని నేనప్పుడే రాయించేను.

రాసిపెట్టినవాడి మనవి: ఈసారి నేను ఏ మాటా వదల్లేదు. అయితే వేలిముద్రల కింద ఏది ఎవరిదో రాయడం మరిచిపోయాను. ఇప్పుడు వాళ్లిద్దరినీ అడిగితే, చాలాసేపు చూసి, తమకూ తెలియడం లేదన్నారు. – జాషువా